అమ్మానాన్నల వైద్యానికి ప్రభుత్వ పరిమితులు: దాచుకున్న డబ్బు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కరుగుతుంది

డెబ్బై దాటిన పెద్దవాళ్లున్న ఇళ్లలో మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. స్టెంటు ధర ప్రభుత్వం తగ్గించింది కదా. ఐదు లక్షల కార్డు ఉంది కదా. ప్రీమియం ఏడాదికి పది శాతం మించి పెంచకూడదట కదా. మూడూ నిజమే. అయినా డిశ్చార్జ్ రోజున ఎఫ్‌డీ రద్దు చేసుకుని డబ్బు కట్టే కుటుంబాలు చాలానే ఉన్నాయి. "పరిమితి" అనే ఒకే మాటను మనం రెండు వేరు వేరు సంగతులకు వాడటం దీనికి పెద్ద కారణం.

ఒకటి, అమ్మేవాళ్ల మీద పెట్టిన పరిమితి: ఫలానా వస్తువుకు ఇంతకు మించి వసూలు చేయకూడదు. స్టెంట్లు, మోకాలి ఇంప్లాంట్ల మీద ఉన్నది ఇదే. రెండోది, ఇచ్చే సాయం మీద పెట్టిన పరిమితి: ఇంతవరకే మేం కడతాం, పైది మీది. కేంద్రం ఉచిత వైద్యానికి ఇచ్చే ఆయుష్మాన్ కార్డు, రాష్ట్రాల ఆరోగ్యశ్రీ, బీమా పాలసీ ఈ కోవలోవి. మొదటిది మీ తరఫున కాపలా కాస్తుంది. రెండోది దాటిన మరుక్షణం మీ పొదుపు మీదే పడుతుంది. ఇవి రెండూ తాకని ఖర్చులు ఇంకా ఉన్నాయి, అసలు దెబ్బ తగిలేది అక్కడే. కాబట్టి ఆసుపత్రి మెట్లెక్కక ముందే ప్రతి ఖర్చు ఏ కోవలోకి వస్తుందో రాసుకోవాలి.

స్టెంటు, మోకాలి చిప్ప: ధర మీద ఉన్న పరిమితిని ఎలా వాడుకోవాలి

మందులు, వైద్య పరికరాల ధరలు నిర్ణయించేది జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ. అందరూ ఎన్‌పీపీఏ అంటారు. 2017 ఫిబ్రవరిలో అది గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది: మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంటుకు 29,600. అంతకుముందు మందు పూసినవి లక్ష దాటి అమ్ముడయ్యేవి. టోకు ధరల సూచీని బట్టి ఈ అంకెలు మారుతూ వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఇవి సుమారు 10,700, 38,900 అయ్యాయి. ఈ ధర ఒక్కో స్టెంటుకు. జీఎస్టీ అదనం.

మోకాళ్ల సంగతి ఇంకా వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే బిల్లులో పొరపాట్లు ఇక్కడ సులువుగా దొర్లుతాయి. 2017 ఆగస్టులో కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్ మొత్తం సెట్టుకు 54,720 రూపాయలు గరిష్ఠ ధర అయింది. అంతకుముందు దాని సగటు ధర సుమారు 1.58 లక్షలు. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాలకు 76,600, మోకాలు మరింత వంగేలా చేసిన హై ఫ్లెక్స్ రకానికి 56,490. ఒకసారి మార్చిన మోకాలిని మళ్లీ మార్చే రివిజన్ ఇంప్లాంటుకు 1,13,950. ఆ తర్వాత ఈ ఉత్తర్వు గడువును పొడిగిస్తూ వచ్చారు. ఆపరేషన్ ఖాయం చేసుకునే ముందు ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లోనో, వాళ్ల "ఫార్మా సహీ దామ్" యాప్‌లోనో ఆ రోజు అమల్లో ఉన్న ధర చూడండి.

ఆ 54,720 నాలుగు భాగాల మొత్తం. తొడ ఎముకకు బిగించే భాగం 24,090. కాలి ఎముక మీద కూర్చునే భాగం 16,990. రెండింటి మధ్య ప్లాస్టిక్ ఇన్సర్ట్ 9,550. చిప్ప వెనక అతికించే ముక్క 4,090. చాలామంది సర్జన్లు చిప్ప ముక్క మార్చరు, ఉన్నదాన్నే ఉంచుతారు. అప్పుడు ఆ ధరల ప్రకారం సెట్టు ధర 50,630 మించకూడదు. మార్చని ముక్కకు కూడా పూర్తి సెట్టు ధర వేశారేమో సరిచూసుకోండి. రెండు మోకాళ్లూ చేయిస్తే తేడా రెట్టింపు అవుతుంది.

రుజువు ఇంప్లాంట్ డబ్బాలోనే ఉంటుంది. ప్రతి భాగంతోపాటు కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. థియేటర్‌లో వాటిని కేస్ షీటులో అంటిస్తారు. ఒక సెట్టు స్టిక్కర్లు మాకివ్వండి అని ఆపరేషన్‌కు ముందు రోజే చెప్పాలి. డిశ్చార్జ్ అయ్యాక రికార్డుల గదికి వెళ్లి తెచ్చుకోవడం చాలా కష్టం. బీమా కంపెనీ కూడా ఈ స్టిక్కర్లు, ఇంప్లాంట్ ఇన్‌వాయిస్ లేకపోతే క్లెయిము ఆపేస్తుంది. స్టెంటైనా, మోకాలైనా బిల్లులో కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో విడిగా చూపించాలన్నది నిబంధన. "ప్యాకేజీలో కలిపేశాం" అన్న జవాబుకు ఒప్పుకోకండి.

పరిమితి లేనిది ఆ వస్తువు చుట్టూ ఉన్న మిగతాదంతా. థియేటర్ అద్దె, సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, గది, గ్లవ్స్, డ్రేప్స్, ఎముకను అతికించే సిమెంటు, గుండెకైతే బెలూన్లు, గైడ్ వైర్లు. ఒక వస్తువు మీద లాభం తగ్గినప్పుడు పక్క వరుసలో అంకె పెరగడం మామూలే. 2018 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ దిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే, కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేలింది. అందుకే స్టెంటు ఎంత అని అడిగి ఊరుకోవద్దు. మొత్తం ఎంత అని అడగండి, దాన్ని వరుసలవారీగా విడగొట్టించండి.

ఎస్టిమేటు కాగితం

చెప్పిన సమయానికి చేయించుకునే ఆపరేషన్‌కు కనీసం రెండు ఆసుపత్రుల్లో రాతపూర్వక ఎస్టిమేటు తీసుకోండి. నోటిమాట ఎస్టిమేటు దేనికీ పనికిరాదు. ఆ కాగితం మీద ఇవి ఉండాలి: ఏ రకం గది, ఎన్ని రోజులు, ఇంప్లాంట్ లోహం, కంపెనీ, ధర, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ ఛార్జీలు విడివిడిగా, మందులు, కన్జూమబుల్స్‌కు (వాడి పారేసే సామగ్రికి) అంచనా మొత్తం, ఐసీయూ అవసరమైతే రోజుకు ఎంత, ప్యాకేజీలో లేనివి ఏవి. ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరికేదాకా కదలకండి. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు ఐసీయూలో ఉంచడం మామూలే. ప్యాకేజీ లెక్క మాత్రం చాలాసార్లు ఏ సమస్యా లేని పేషెంటుకు వేసింది.

పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న ఇళ్లకు ఒక మాట. దూరంగా ఉన్నామన్న బాధలో "ఖర్చు చూడకండి, మంచి గది తీసుకోండి" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ చాలా ఆసుపత్రుల్లో గది తరగతి మారితే సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ, డాక్టరు విజిట్ అన్నీ మారతాయి. వైద్యం అదే, బిల్లు వేరు. ఎస్టిమేటును షేరింగ్ గదికి, సింగిల్ గదికి రెండు రకాలుగా అడిగి తేడా చూశాక నిర్ణయించండి.

డెబ్బై దాటితే వయ వందన కార్డు

2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ వర్తిస్తోంది. వాళ్లకు ఇచ్చే కార్డే వయ వందన. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఇంట్లో అమ్మ, నాన్న ఇద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. ఒక్కొక్కరికి అయిదేసి అనుకుని లెక్క వేసుకుంటే ఇబ్బంది పడతారు. ఇదివరకే ఆయుష్మాన్‌లో ఉన్న కుటుంబమైతే పెద్దవాళ్ల కోసం ఇంకో 5 లక్షలు అదనంగా వస్తాయి, దాన్ని చిన్నవాళ్లతో పంచుకోనక్కర్లేదు. ప్రైవేటు బీమా, ఈఎస్ఐ ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఆ పథకాల్లో ఓపీ, మందులు కూడా దొరుకుతాయి కాబట్టి తొందరపడి వదులుకోవద్దు.

నమోదుకు ఆధార్ ఒక్కటే చాలు. ఆయుష్మాన్ యాప్‌లో ఓటీపీ ద్వారా గానీ, ముఖం ఫొటో ద్వారా గానీ ఈకేవైసీ (గుర్తింపు తనిఖీ) అవుతుంది. చిక్కు వయసు దగ్గర వస్తుంది. పథకం చూసేది ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీనే. పాతకాలంలో అంచనాగా వేసిన సంవత్సరంతో చాలామంది పెద్దవాళ్లకు రెండు మూడేళ్లు తక్కువ పడి ఉంటాయి. పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ లేదా పింఛను పత్రం లాంటి ఆధారం ఉంటే ఆధార్ కేంద్రంలో ముందే సరిచేయించండి. పుట్టిన తేదీ మార్పుకు ఒకే అవకాశం ఇస్తారు కనుక కాగితం చేతిలో పెట్టుకునే వెళ్లాలి. పెద్దవాళ్ల ఫోన్ నంబరు ఆధార్‌కు లింకు అయి ఉందో లేదో కూడా అదే రోజు చూసేయండి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఓటీపీ పాత నంబరుకు వెళ్తే చేసేదేం ఉండదు.

కార్డు వచ్చాక పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, వెయిటింగ్ పీరియడ్ లేదు. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలో భాగమే. ఓపీ చూపించుకోవడం, నెలనెలా మందులు ఇందులో రావు. నెట్‌వర్క్ ఆసుపత్రి అయినంత మాత్రాన అన్ని ఆపరేషన్లూ అక్కడ జరగవు. ఆసుపత్రి ఏ విభాగాలకు నమోదైందో ఆ విభాగాలకే కార్డు చెల్లుతుంది. కొన్ని ప్యాకేజీలను రాష్ట్రాలు ప్రభుత్వ ఆసుపత్రులకే ఉంచుకుంటాయి. అందుకని 14555కు ఫోన్ చేసి ఆసుపత్రి పేరుతోపాటు ఆపరేషన్ పేరు కూడా చెప్పి కనుక్కోండి. చేరాక "ఇది మామూలు ఇంప్లాంట్, మంచిది కావాలంటే పైన ఇంత కట్టండి" అంటే కట్టకండి. ఇంప్లాంట్ కూడా ప్యాకేజీలోదే. అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి తోడు సొంత పథకాలున్నాయి. తెలంగాణ రాజీవ్ ఆరోగ్యశ్రీలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో అదే నెల నుంచి 25 లక్షలు. వీటికి వేరే అర్హత నిబంధనలు ఉన్నాయి. ఏ కార్డు మీద చేరితే మంచిదన్నది ఆపరేషన్‌ను బట్టి మారుతుంది, కాబట్టి ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే వైద్య మిత్ర లేదా ఆరోగ్య మిత్రను కలిసి రెండు పథకాల్లోనూ ప్యాకేజీ ఉందో లేదో చూపించమనండి.

ప్రైవేటు పాలసీలో డబ్బు జారే చోటు

2025 జనవరి 30న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం 60 దాటినవాళ్ల ఆరోగ్య బీమా ప్రీమియాన్ని ముందుగా తనను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతం కంటే పెంచకూడదు. మంచిదే. కానీ 10 శాతం చక్రవడ్డీలా పెరుగుతుంది. ఇప్పుడు 40,000 ఉన్న ప్రీమియం ఏటా అంతే పెరిగితే ఐదేళ్లకు 64,420, పదేళ్లకు సుమారు 1,03,750. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు కనుక ఒకసారి ఊరట దొరికింది. అయినా రిటైర్మెంట్ లెక్కల్లో ఈ పెరుగుదలకు వేరే డబ్బు పెట్టుకోకపోతే, సరిగ్గా అవసరమయ్యే వయసులో పాలసీ ఆపేయాల్సి వస్తుంది.

క్లెయిములో ఎక్కువ నష్టం గది అద్దె పరిమితి దగ్గర జరుగుతుంది. 5 లక్షల పాలసీలో గది అద్దెకు 1 శాతం, అంటే రోజుకు 5,000 పరిమితి ఉందనుకోండి. మీరు 8,000 గది తీసుకుని 4 రోజులున్నారు. అద్దె 32,000లో కంపెనీ ఇచ్చేది 20,000. డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000 అయితే దాన్ని కూడా ఎనిమిదిలో అయిదు వంతులకు తగ్గించి 75,000 ఇస్తారు. ఇంప్లాంట్, మందులు కలిపి 1,00,000 ఉంటే అది పూర్తిగా ఇవ్వాలి. ఇంప్లాంట్లు, మందులు, కన్జూమబుల్స్, పరీక్షల మీద ఈ దామాషా కోత పెట్టకూడదు, ఐసీయూ ఛార్జీల మీదా పెట్టకూడదు. పెడితే రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికి 1,95,000 తేలింది. పెద్దవాళ్ల పాలసీల్లో మామూలుగా ఉండే 20 శాతం కో పే (క్లెయిములో మనమే భరించాల్సిన వాటా) తీస్తే ఇంకో 39,000 పోయింది. 2,52,000 బిల్లులో మీ చేతినుంచి 96,000. గది 5,000లోపు తీసుకుని ఉంటే, ఛార్జీలు మారకపోయినా కో పే మాత్రమే మిగిలేది. కంటి శుక్లం ఆపరేషన్‌కు ఒక్కో కంటికి వేరే పరిమితి పెట్టే పాలసీలూ ఉన్నాయి, అది కూడా ముందే చదివి ఉంచుకోండి.

డిశ్చార్జ్ రోజు హడావుడి గురించి: తుది బిల్లు అందిన 3 గంటల్లో కంపెనీ క్యాష్‌లెస్ అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీదేనని 2024 మే నాటి నిబంధన. ఆసుపత్రి బిల్లు ఏ సమయానికి పంపిందో బీమా డెస్కులో అడిగి రాసుకుంటే, తర్వాత మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

పాలసీలో డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులు ఇచ్చే నిబంధన ఉంటుంది. చాలామంది దీన్ని వాడుకోరు. డిశ్చార్జ్ సమ్మరీలో "ఫిజియోథెరపీ ఇన్ని వారాలు" అని సర్జన్ చేత రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం ఉంటే ఫిజియో బిల్లులు, మందుల బిల్లులు రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు.

ఇంటికి వచ్చాక: ఏ పరిమితీ లేని ఖర్చు

మంచం పట్టినవాళ్లను చూసుకునే మనిషి జీతం మీద ఏ ప్రభుత్వ గరిష్ఠ ధరా లేదు, కార్డు వర్తించదు, బీమా సాధారణంగా ఇవ్వదు. ఉదాహరణకు ఈ లెక్క చూడండి, మీ ఊరి రేట్లు వేసుకోండి: పగటి అటెండెంట్ నెలకు 22,000, ఫిజియో 12 సార్లకు 6,000, డైపర్లు రోజుకు మూడు చొప్పున 3,150, మందులు 4,000. నెలకు 35,150. మూడేళ్లకు 12,65,400. ఏ మోకాలి ఆపరేషనూ ఇంత పొదుపు తినదు.

ఆదాయం వైపు చూస్తే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 2023 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 30 లక్షలు పెట్టవచ్చు. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500. అటెండెంట్ జీతమే పూర్తిగా రాదు. నెలకు 14,650 లోటు, మూడేళ్లకు 5,27,400 అసలులోంచి తీయాలి. అందుకే మొత్తం ఒకే ఖాతాలో పెట్టకండి. మధ్యలో కావలసి వస్తే ఆ ఖాతానే మూసేయాలి: ఏడాదిలోపు మూస్తే తీసుకున్న వడ్డీ వెనక్కి పోతుంది, రెండేళ్లలోపు అసలులో 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోత. మూడు ఖాతాలుగా, వేర్వేరు నెలల్లో తెరిస్తే ఒకదాన్ని మూసినా మిగతావి కదలవు. ఆరు నెలల ఖర్చు మాత్రం చిన్న చిన్న బ్యాంకు ఎఫ్‌డీలుగా, లక్ష చొప్పున ఉంచండి.

డబ్బు ఉన్నా చేతికి రాని పరిస్థితి ఇంకా బాధాకరం. ఐసీయూలో ఉన్న మనిషి సంతకం చేయలేరు. పెద్దవాళ్ల ఖాతాలు, ఎఫ్‌డీలు ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు తీసుకునేలా జాయింటుగా మార్పించండి. నామినీ ఉంటే సరిపోతుందనుకోకండి, నామినీకి హక్కు వచ్చేది మరణం తర్వాతే.

ఖర్చు తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి. నెలవారీ మందులను డాక్టరు చేత జనరిక్ పేరుతో రాయించుకుని జన ఔషధి దుకాణంలో కొంటే సగానికి సగమైనా తగ్గుతుంది. ఆసుపత్రి మంచం, వాకర్, కమోడ్ కుర్చీ నాలుగైదు నెలలకే అయితే అద్దెకు తెచ్చుకోండి. పిల్లలు పాత పన్ను విధానంలో ఉంటే తల్లిదండ్రుల బీమా ప్రీమియానికి 50,000 వరకు మినహాయింపు ఉంది. 60 దాటి బీమా లేని తల్లిదండ్రులకు పెట్టిన వైద్య ఖర్చుకూ అదే 50,000 వర్తిస్తుంది, నగదుగా కడితే మాత్రం రాదు. ఫిజియోకు, మందుల షాపుకు యూపీఐలో పంపడం అలవాటు చేసుకోండి.

బిల్లు తప్పయితే

గరిష్ఠ ధర దాటి వసూలు చేశారని తేలితే ముందు ఆసుపత్రికి స్టిక్కరు, బిల్లు కాపీ జతచేసి రాతపూర్వకంగా తేడా వాపసు అడగండి. తర్వాత ఎన్‌పీపీఏ హెల్ప్‌లైన్ 1800 111 255. డబ్బు తిరిగి రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. బీమా కోత మీద ముందు కంపెనీకి, తర్వాత ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వేదిక బీమా భరోసా 155255కు, 30 రోజుల్లో సరైన జవాబు లేకపోతే హైదరాబాదులో బీమా వివాదాలు తేల్చే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు. ఏడాది దాటితే వాళ్లు తీసుకోరు.

పిల్లలు చూడని పెద్దవాళ్లకు కూడా ఒక పరిమితి అడ్డొస్తుంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ నెలకు ఇప్పించగలిగే గరిష్ఠ భృతి 10,000 రూపాయలే, పైన వేసిన లెక్కలో మూడో వంతు కూడా కాదు. కనుక ఇల్లు, పొలం పిల్లల పేర రాసేటప్పుడే జాగ్రత్త పడాలి. తమను చూసుకోవాలన్న షరతు గిఫ్ట్ డీడులో స్పష్టంగా రాయించుకుంటే, పిల్లలు దాన్ని తప్పినప్పుడు అదే చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. రాయించకపోతే ఆ దారి చాలా కష్టమవుతుంది. డాక్యుమెంట్ రైటరు ఇచ్చిన ముసాయిదాలో ఆ వాక్యం ఉందో లేదో సంతకం పెట్టే ముందు పెద్దవాళ్లే ఒకరి చేత చదివించుకుని వినాలి.